జంబో వెనక గాలి

1974. కాలిఫోర్నియాలోని మొజావీ ఎడారి. కింద ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం, దాని పక్కన ఎండిపోయిన రోజర్స్ సరస్సు. మీరు టీ-37లో పైలట్ పక్క సీటులో ఉన్నారు. నిండా మూడు టన్నులు తూగని శిక్షణ విమానం ఇది. మూడు మైళ్లకు పైగా ముందు నాసా వారి బోయింగ్ 747 ఎగురుతోంది. దాని రెక్కలకు అమర్చిన యంత్రాలు పొగ వదలడం మొదలుపెట్టాయి. చెదిరిపోవాల్సిన పొగ, పేనిన తాళ్లలా మెలితిరిగి మన వైపే సాగుతోంది.

రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. అందుకే కింది గాలి కొసల దగ్గర పైకి ఎగబాకి సుడి తిరుగుతుంది. బరువు పెరిగేకొద్దీ, వేగం తగ్గేకొద్దీ ఆ సుడి బలం పెరుగుతుంది. మామూలు రోజున పొగ ఉండదు, సుడి కంటికి ఆనదు. 1972 మే 30న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ దగ్గర డీసీ-10 వెనకే దిగబోయిన డీసీ-9 ఇలాంటి సుడిలోనే తిరగబడింది. అందులోని నలుగురూ పోయారు. వాళ్లను తలుచుకుంటూ ఈ పొగను చూడండి.

లోపలికి వెళ్తున్నాం. పైలట్ స్టిక్‌ను చివరిదాకా ఒక పక్కకు నెట్టినా విమానం రెండో పక్కకే ఒరుగుతోంది. అంతలోనే గిర్రున తిరిగింది. ఎడారి నెత్తిమీదికి వచ్చి, కిందికి పోయి, మళ్లీ వచ్చింది. ఎవరూ తలపెట్టని రెండు గిరికీలు, సెకనుకు 200 డిగ్రీల వేగంతో. ఇంత దూరంలో ఉండి కూడా!

మరోసారి వెళ్దాం. ఈసారి 747, రెక్క వెనక అంచున కిందికి దిగే ఫ్లాప్‌లలో లోపలివి దించి, బయటివి దాదాపు ముడిచే ఉంచింది. రెక్క మోసే భారం మధ్యకు జరిగింది. పుట్టిన సుడులు ఒకదాన్నొకటి చెరుపుకుంటున్నాయి, పొగ త్వరగా విడిపోతోంది. ఇంకా దగ్గరికి వెళ్లినా స్టిక్ మాట వింటోంది. ప్రాణం లేచొచ్చినట్టుంది.

అప్పుడు 747 చక్రాలు దించింది. పొగ మళ్లీ బిగుసుకుంది. చేసిన మేలు చాలావరకు పోయింది. దిగేటప్పుడు చక్రాలు దించక తప్పదు; సుడి తగ్గాల్సిందీ సరిగ్గా అప్పుడే. రెక్క మీద లేచే స్పాయిలర్లనే రేకులను ఎత్తితే కూడా సుడి నీరసించింది కానీ, రెక్క అదిరింది.

రెక్కతో తేలని పనిని తర్వాత నేలమీద ప్రయత్నించారు. 2019లో వియన్నా విమానాశ్రయంలో, విమానాలు దిగే దారి కింద జర్మనీ విమానయాన, అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్ శాస్త్రవేత్తలు 4.5 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల పొడవున్న పలకలను వరుసగా నిలబెట్టారు. నేలకు దిగిన సుడి వాటిని తాకి విరుగుతుంది. ఎక్కువసేపు నిలిచే సుడుల ఆయుష్షు, విమానం తరగతిని బట్టి, 22 నుంచి 37 శాతం దాకా తగ్గింది. ఎడారిలో దొరకని ఫలితం ఇది.

ఈ సుడుల వల్లే, భారీ విమానం వెనక మధ్యస్థాయి విమానం దిగడానికి అంతర్జాతీయ నిబంధనల్లో చిరకాలంగా ఉన్న ఎడం 5 నాటికల్ మైళ్లు. రన్‌వేల మీద ఎంత రద్దీ ఉన్నా, సుడి తగ్గిందని కొలిచి చూపించకుండా అందులో గజం కూడా తగ్గించకూడదు.