రవ్వల ఉంగరం
పానగల్ పచ్చల సోమేశ్వరుణ్ని చూసుకొని నల్లగొండ బజారుకొస్తే, ఒక దుకాణం అద్దాల పెట్టెలో చీటీ కనబడింది: ‘పాతకాలం మోడల్ వెండి ఉంగరాలు, అమెరికన్ రవ్వలు’. ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. రవ్వ అంటే చిన్న తునక, నలుసు. మంటలోంచి ఎగిరితే నిప్పురవ్వ, గోధుమ విరిగితే ఉప్మారవ్వ, కాస్తంత అయితే రవ్వంత. వజ్రపు తునకకూ అదే పేరు నిలిచింది. మా నాయనమ్మ ‘రవ్వల కమ్మలు’ అన్నదంటే అవి అచ్చంగా వజ్రాలే. రాళ్ల పేర్లు ఇట్లాగే పుడతాయి: పచ్చ కూడా ముందు రంగు, తర్వాతే రాయి. సోమేశ్వర లింగానికి ఒకప్పుడు ఆ పచ్చ అలంకారం ఉండేదని, అందుకే గుడికి ఆ పేరని చెబుతారు. ఇక ఈ ఉంగరంలోది క్యూబిక్ జిర్కోనియా, 1976 నుంచి అమ్మకానికి తయారవుతున్న రాయి. అంతే సైజు వజ్రం కన్నా బరువు. నోటి ఆవిరి ఊది చూశాను. పట్టిన మసక వెంటనే విడలేదు, వజ్రమైతే చిటికెలో విడిపోతుంది. చుట్టూ వెండి తీగపని ముచ్చటగా ఉంది, ఒకటి కొనుక్కున్నాను కూడా. అమ్మేవాళ్లకు నా మనవి ఒక్కటే: దీన్ని ‘తెల్లరాళ్ల ఉంగరం’ అని రాయండి, రవ్వను వజ్రానికే ఉంచండి.