నాటకం: పుట్టుక, పరమార్థం

మా ఘంటసాలలో నా చిన్నతనాన నాటకమంటే రంగుల తెరలు, హార్మోనియం శ్రుతి, పద్యం పద్యానికీ వన్స్‌మోర్లు. మా నాయనమ్మ మాత్రం ఆ మాట వాడేది కాదు. "భాగవతం ఆట" అనేది. ఈ రెంటికీ తేడా ఏమిటా అని ఆలోచించే తీరిక పదవీ విరమణ తర్వాత గాని దొరకలేదు.

నాటకమనే మాటకు మూలం 'నట' ధాతువు. అభినయించడమని అర్థం. కంటికి కనబడేది కనుక దృశ్యకావ్యాన్ని పెద్దలు రూపకమన్నారు. భరతుని నాట్యశాస్త్రం చెప్పిన పది రూపకాలలో నాటకం ఒకటి. గ్రీకుల 'డ్రామా'కు కూడా 'చేసేది' అనే అర్థం. ఎక్కడైనా నాటకం చేసి చూపేదే.

నన్నయ తర్వాత ఎనిమిది వందల ఏళ్ళు తెలుగులో నాటకాలెందుకు రాలేదని కొందరడుగుతారు. గ్రంథాలలో వెదికితే అలాగే తోస్తుంది. కాని కాకతీయుల కాలంనాటి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శైవభక్తులు ఆడిన నాటకాలను ప్రస్తావించాడు. తర్వాత యక్షగానాలు, వీధి భాగవతాలు వచ్చాయి. నాటకం వీధిలో బ్రతికే ఉంది.

మన పక్కనున్న మొవ్వ మండలంలోని కూచిపూడినే చూడండి. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను హింసించేవాడట. కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆ ఘోరాన్ని ఆడి చూపగా, రాయలు అతణ్ణి శిక్షించాడని మాచుపల్లి కైఫీయతు చెబుతోంది. నోటితో చెప్పలేని దాన్ని వేషం కట్టి చూపారు. నాటక పరమార్థం ఇంతకంటె వేరే ఏముంది?

కూచిపూడికి ఒక రోజు బండి ప్రయాణంలో ఉన్న బందరులో, నోబుల్ పాఠశాల పండితులు కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 ప్రాంతంలో 'మంజరీ మధుకరీయం' రచించారు. తెలుగులో తొలి స్వతంత్ర నాటకంగా దానిని చెబుతారు. అది 1908లో గాని అచ్చు కాలేదు. ఈలోగా 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు విద్యార్థులచేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. గ్రంథస్థ నాటకం అలా రంగమెక్కింది. ఆడిన ఆటకు గ్రంథం లేదు, రాసిన గ్రంథానికి చాలాకాలం ఆట లేదు. ఆ తేడాయే మా నాయనమ్మ మాటలో ఉంది.

అచ్చయిన నాటకాలు గ్రంథాలయాల్లో భద్రంగా ఉంటాయి. వీధిలో ఆడినవి చూసినవారి జ్ఞాపకంలోనే ఉంటాయి. ఆ చూసినవారిలో మిగిలింది మన తరమే. కనుక మీరు చూసిన ఆట, వేషం కట్టినవారి పేరు, ఊరు ఒక కాగితం మీద రాసి మనుమల చేతికివ్వండి. ఇంకొంచెం ఆలస్యమైతే రాసేవారుండరు.