పార్క్ స్ట్రీట్ పై మూలన టిక్నర్ ఇల్లు

బోస్టన్‌లో పార్క్ స్ట్రీట్ చాలా పొట్టి వీధి. ట్రెమాంట్ స్ట్రీట్ దగ్గర మొదలై, ఎడమ పక్కన బోస్టన్ కామన్ మైదానాన్ని ఆనుకుని ఎత్తుకి ఎక్కి, స్టేట్ హౌస్ బంగారు గుమ్మటం ఎదుట బీకన్ స్ట్రీట్‌లో కలిసిపోతుంది. కింది మూలన పార్క్ స్ట్రీట్ చర్చి, పై మూలన ఎర్ర ఇటుకల పెద్ద ఇల్లు. మా ఊరు చూడవచ్చే చుట్టాలందరూ ఫ్రీడమ్ ట్రైల్ గీత పట్టుకుని ఆ ఇంటి ముందు నుంచే నడుస్తారు, గుమ్మటానికి ఫోటోలు తీసుకుంటారు, ఇంటివైపు తిరిగి చూడరు. స్టేట్ హౌస్ నమూనా గీసిన చార్లెస్ బుల్ఫించే ఈ ఇంటినీ గీశాడు. 1804లో ఒక వర్తకుడి కోసం కట్టారు. 1824లో ఫ్రెంచి సేనాని లఫాయెట్ బోస్టన్ వచ్చినప్పుడు బస చేసింది ఇక్కడే. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఇందులో కాపురమున్నవాడు జార్జ్ టిక్నర్. స్పానిష్ సాహిత్య చరిత్రను మొదటిసారి సమగ్రంగా రాసిన అమెరికన్. ఊళ్లో గ్రంథాలయం కార్డు ఉన్న ప్రతివాడూ అతనికి కొంత రుణపడ్డాడని నా నమ్మకం.

టిక్నర్ 1791లో బోస్టన్‌లోనే పుట్టాడు. తండ్రి ఎలైషా బడిపంతులుగా పనిచేసి వ్యాపారంలోకి దిగినవాడు, ఊళ్లో ప్రాథమిక పాఠశాలల కోసం పాటుపడ్డవాడు. కొడుకు పదహారేళ్లకే డార్ట్‌మత్ కాలేజీ ముగించి, లా చదివి, 1813లో ప్లీడరయ్యాడు. ఏడాది తిరగకుండానే ఆ వృత్తి వదిలేశాడు. జర్మనీ గురించి మదామ్ ద స్తాల్ రాసిన పుస్తకం చదివాక, అక్కడి విశ్వవిద్యాలయానికి వెళ్లి చదవాలన్న కోరిక పట్టుకుంది. ముందు భాష రావాలి కదా. 1814 నాటి బోస్టన్‌లో జర్మన్ చెప్పే మనిషి దొరకలేదు. ఇప్పుడు ఆరెంజ్ లైన్ రైలెక్కితే కాసేపట్లో దిగే జమైకా ప్లెయిన్‌లో అల్సాస్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. తన ఉచ్చారణ అంత మంచిది కాదని ఆయనే ముందుగా హెచ్చరించాడు. వ్యాకరణం మిత్రుడు ఎడ్వర్డ్ ఎవరెట్ దగ్గర అరువు. నిఘంటువు న్యూ హాంప్‌షైర్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. గేటే రాసిన ‘వెర్థర్’ జర్మన్ ప్రతి, జాన్ క్విన్సీ ఆడమ్స్ ఊళ్లో లేనప్పుడు అథీనియం గ్రంథాలయంలో దాచిన పుస్తకాల్లోంచి చేతికొచ్చింది. డబ్బూ, పలుకుబడీ రెండూ ఉన్న కుర్రాడి సంగతి ఇది. అవి లేనివాడు ఏం చదివి ఉండేవాడు?

1815లో ఎవరెట్‌తో కలిసి ఓడెక్కి గొట్టింగెన్ విశ్వవిద్యాలయం చేరాడు. అక్కడి గ్రంథాలయం చూశాక హార్వర్డ్‌లో ఉన్నది ఎంత చిన్నదో తెలిసొచ్చింది. లండన్‌లో బైరన్‌ను, వైమార్‌లో గేటేను కలుసుకున్నాడు. 1818లో మాడ్రిడ్ వెళ్లి స్పానిష్ నేర్చుకుంటూ పుస్తకాలు కొనడం మొదలుపెట్టాడు. ఆ కొనుగోలు జన్మంతా ఆగలేదు. 1819 నుంచి 1835 దాకా హార్వర్డ్‌లో ఫ్రెంచ్, స్పానిష్ భాషల ఆచార్యుడు. అతను దిగిపోయాక ఆ పదవిలోకి వచ్చినవాడు కవి లాంగ్‌ఫెలో. 1834లో ఐదేళ్ల కొడుకు చనిపోయాడు. మరుసటి ఏడు టిక్నర్ ఉద్యోగం వదిలి కుటుంబంతో మూడేళ్లు యూరప్‌లో ఉన్నాడు.

తిరిగొచ్చాక పార్క్ స్ట్రీట్ ఇంట్లో కూర్చుని రాసిందే మూడు సంపుటాల స్పానిష్ సాహిత్య చరిత్ర. 1849లో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ అచ్చయింది. మాడ్రిడ్ పండితుడు పాస్కువల్ ద గయాంగోస్ అరుదైన పుస్తకాలు, రాతప్రతుల నకళ్లు ఏళ్ల తరబడి పంపాడు. తర్వాత ఆ గ్రంథాన్ని మరొకరితో కలిసి స్పానిష్‌లోకి తెచ్చినవాడూ అతనే. తమ సాహిత్య చరిత్రను ఒక బోస్టన్ మనిషి రాతలో స్పెయిన్ వాళ్లు చదువుకున్నారు. చూపు సరిగా లేని మిత్రుడు ప్రెస్కాట్‌కు టిక్నర్ తన ఉపన్యాసాలు చదివి వినిపించేవాడు. ప్రెస్కాట్ స్పెయిన్ చరిత్రకారుడు కావడానికి ఆ చదువే దారి తీసింది.

ఇక ఊరి ఉచిత గ్రంథాలయం మాట. 1852లో నగరం నియమించిన ట్రస్టీల నివేదికలో టిక్నర్‌ది పెద్ద చెయ్యి. మిత్రుడు ఎవరెట్‌కు పండితులు వచ్చి కూర్చుని చదువుకునే చోటు చాలు. టిక్నర్ ఒప్పుకోలేదు. పుస్తకం ఇంటికి ఇవ్వాలి, జనం అడిగే కొత్త పుస్తకాలకు ఎక్కువ ప్రతులు కొనాలి, పైసా తీసుకోకూడదు అని పట్టుబట్టి నెగ్గాడు. ఆ నివేదిక లండన్‌లో జాషువా బేట్స్ చేతిలో పడింది. ఆయన మా పక్కనున్న వేమత్‌లో పుట్టిన బ్యాంకరు. కుర్రతనంలో బోస్టన్‌లో పుస్తకాలు కొనే స్తోమత లేక దుకాణంలో కూర్చుని చదువుకున్నవాడు. వెంటనే 50,000 డాలర్లు ఇచ్చాడు. 1854లో మేసన్ స్ట్రీట్‌లో ఒక బడి గదుల్లో గ్రంథాలయం తెరిచారు. 1856లో అరవై అయిదేళ్ల టిక్నర్ దానికి పుస్తకాలు కొనడానికి మళ్లీ యూరప్ వెళ్లాడు.

అతని గురించి ఇంకో మాట దాటేయలేను. 1829 జూలై 4న ఇదే వీధి కింది మూలన చర్చిలో విలియం లాయిడ్ గారిసన్ బానిసత్వానికి వ్యతిరేకంగా గొంతెత్తాడు. పై మూలన ఇంట్లో ఆ గొంతుకు చోటు దొరకలేదు. బానిసత్వాన్ని రద్దు చేయాలనేవాళ్లు దేశాన్ని చీలుస్తారని టిక్నర్ భయం. ఒకప్పుడు ఆ ఇంటికి చనువుగా వచ్చిపోయిన చార్లెస్ సమ్నర్ బానిసత్వంపై రాజకీయ పోరాటానికి దిగాక ఆ తలుపులు మూసుకుపోయాయి. ఇప్పుడు ఇంటికి దాదాపు ఎదురుగా, కామన్ అంచున, నల్లజాతి సైనికుల 54వ రెజిమెంటు స్మారకం నిలబడి ఉంది. పుస్తకం ఎవరికైనా ఇవ్వాలన్న మనిషి మనుషుల విషయంలో అంత ఇరుకుగా ఉండటం నన్ను బాధిస్తుంది. చదువు పెరిగితే సమాజం నెమ్మదిగా, గొడవ లేకుండా బాగుపడుతుందని అతను అనుకున్నాడు. బానిసగా ఉన్నవాడు అంతకాలం ఎందుకు ఆగాలో అతనికి తోచలేదు.

1871 జనవరిలో టిక్నర్ పోయాడు. స్పానిష్, పోర్చుగీసు పుస్తకాలన్నీ గ్రంథాలయానికే రాసిచ్చాడు. అవి ఇప్పటికీ కాప్లీ స్క్వేర్ భవనంలో ఉన్నాయి. తండ్రి మొదలుపెట్టిన పనిని అతను వెళ్లని చోటికి తీసుకెళ్లింది కూతురు అన్నా ఎలియట్ టిక్నర్. 1873లో బోస్టన్‌లోనే ఆమె ఇంటిపట్టున చదువుకునే ఆడవాళ్ల కోసం ఒక సంఘం పెట్టింది. పాఠాలు టపాలో వెళ్లేవి, పుస్తకాలూ టపాలోనే వెళ్లి తిరిగొచ్చేవి. దాదాపు పాతికేళ్లలో 7,000 మందికి పైగా స్త్రీలు అలా చదువుకున్నారు. 1890లో మసాచుసెట్స్ ప్రభుత్వం ఊరూరా ఉచిత గ్రంథాలయాలు పెట్టించే కమిషన్ వేసినప్పుడు అందులో సభ్యులైన ఇద్దరు స్త్రీలలో ఆమె ఒకతె.