అన్నాంబిక నిజంగా ఉండెనా?



మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే మేలుకుని ఉండేది ఎవరూ అంటే, నవల చేతబట్టిన ఆడపిల్ల. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు పూడూరులో అమ్మమ్మ ఇంటికి వచ్చి, పాత ట్రంకుపెట్టెలోంచి అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ తీసింది. మూడు రోజులు అన్నానికి పిలిచినా పలకలేదు. నాలుగోనాడు నా దగ్గరకొచ్చి, “చిన్నమ్మా, అన్నాంబిక నిజంగా ఉండెనా?” అని అడిగింది.

చదవనివారి కోసం రెండు మాటలు. అన్నాంబిక ఆదవోని, అంటే నేటి ఆదోని, రాచబిడ్డ. ఇష్టంలేని పెళ్లి కుదిర్చారు. ముహూర్తం వేళకు గన్నారెడ్డి పెళ్లికొడుకునే ఎత్తుకుపోయాడు! కథల్లో మామూలుగా పెళ్లికూతుర్ని కదండీ ఎత్తుకుపోయేది! ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఏడవక, రుద్రమదేవి అండ చేరి కత్తి పట్టింది. పదహారేళ్ల పిల్లకు ఇంక నిద్రెలా పడుతుంది చెప్పండి.

“అన్నాంబిక కల్పనే బిడ్డా, గన్నారెడ్డి మాత్రం నిజం” అన్నాను. దాని మొహం చిన్నబోయింది.

గన్నారెడ్డి పేరు రాతి మీద ఉంది. మా వికారాబాదులో రైలెక్కితే తాండూరు, వాడి మీదుగా రాయచూరు పోవచ్చు. అక్కడి కోటగోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాయి, దాని మీద శాసనం. గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడనే ఆయన ఆదవోని, తుంబళం వంటి కోటలు పట్టి, 1294లో రాయచూరు కోట కట్టించాడని అందులో ఉంది. అంత రాయిని బండి మీద ఎలా ఈడ్చుకొచ్చారో బొమ్మ కూడా చెక్కించారు. కోట సంగతి చెప్పారు, రాయి సంగతి చెప్పారు. ఆదవోని కోటలో ఉన్న ఆడవాళ్ల సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ఖాళీలోనే బాపిరాజు గారు అన్నాంబికను నిలబెట్టారని నా ఊహ.

ఇక రుద్రమదేవి కథ మీకు తెలిసిందే. కొడుకులు లేని గణపతిదేవుడు ఆమెకు రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. దండెత్తి వచ్చిన దేవగిరి మహాదేవుణ్ణి తరిమికొట్టింది. ఇటలీ నుంచి వచ్చిన మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకుంటూనే, భర్త పోయాక గద్దెనెక్కిన రాణి అని రాసుకున్నాడు. కూతురికి తండ్రి రాజ్యం ఇస్తాడని ఆయనకు తోచలేదేమో!

నాకు పదితోనే చదువు ఆగింది. ఆమె చివరి రోజుల సంగతి నాకు పెళ్లయిన ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ సద్గతి కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. రాణి, సేనాని ఒకేసారి ఎలా పోయారు? ఎదురుతిరిగిన కాయస్థ అంబదేవుడి మీదికి యుద్ధానికి పోయి, అక్కడే ఇద్దరూ నేలకొరిగి ఉంటారని పరబ్రహ్మశాస్త్రి గారి వంటి చరిత్రకారుల నిర్ణయం. అప్పటికి ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు రాజ్యం అందుకునేటంత వాడు. అంటే యుద్ధానికి పోయింది ఒక అమ్మమ్మ!

సాహస నవలలతో నాకున్న పేచీ ఇదే. పదహారేళ్ల పిల్లతో మొదలై, పెళ్లిపీటల దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత ఆడదానికి ధైర్యంతో పనిలేనట్టు!

ఇదంతా చెబుతుంటే మా అమ్మ చింతపండు గింజలు తీస్తూ వింటోంది. “అంత వయసుల గుర్రమెక్కిందా ఆమె?” అంది. పిల్ల లేచి అమ్మమ్మ పక్కన కూర్చుంది. “ఆ అమ్మమ్మ కథ ఏ పుస్తకంలో ఉంది చిన్నమ్మా?” అంది.

నేనింకా వెతుకుతున్నాను.