అసలు, నకలు: ప్రోగ్రాములలో విలువలు చేతులు మారిన చరిత్ర

1957 మొదలు 1977 వఱకు మంథని నియోజకవర్గమునకు శాసనసభలో ప్రాతినిధ్యము వహించిన పాములపర్తి వేంకట నరసింహారావుగారి బహుభాషాపాండిత్యమును గూర్చి కరీంనగరు సీమలో చెప్పుకొననివారుండరు. అరువదియేండ్లు పైబడిన పిదప, రాజీవ్ గాంధీ మంత్రివర్గములో నుండగా, ఆయన కంప్యూటరు ముందు కూర్చుండి కోబాల్, బేసిక్ అను మఱి రెండు భాషలను నేర్చి స్వయముగా ప్రోగ్రాములు వ్రాసిరన్న సంగతి మాత్రము ఆ ముచ్చటలలో తఱచు వినబడదు. ఈ వ్యాసమున నాకు కావలసినవి ఆ రెండు భాషలే. ఏలయన, ఒక ఫంక్షన్ నుండి మఱియొక ఫంక్షన్‌కు విలువ నందించుట యెట్లని నేడు మొదటి సంవత్సరపు విద్యార్థిని తికమకపెట్టు ప్రశ్న, ఆ భాషలతో నారంభించినవారికి చాలకాలము ఎదురే కాదు.

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు కెమెనీ, కర్ట్జ్ అను నిరువురు గణితాచార్యులు విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థులకు సైతము సులభమగునట్లు బేసిక్‌ను నిర్మించిరి. తొలినాటి బేసిక్‌లో ‘గోసబ్ 500’ అని వ్రాసినచో యంత్రము 500వ పంక్తికి పోయి, అక్కడి పని ముగించి, ‘రిటర్న్’ కనబడగానే బయలుదేరిన చోటికి మరలివచ్చును. పోవునపుడు చేతికిచ్చి పంపునది లేదు, వచ్చునపుడు తెచ్చునది లేదు. కోబాల్‌లోని ‘పెర్ఫార్మ్’ సైతము డేటా డివిజన్‌లో ప్రకటింపబడిన ఉమ్మడి సొత్తుతోనే పని నడిపించును. ఇరువది పంక్తులలో ఇది హాయియే. ఐదువందల పంక్తులలో, పైన ‘ఐ’తో పదిసార్లు లెక్కపెట్టుచున్న లూపు నడుమ పిలువబడిన ఉపక్రమము (సబ్‌రొటీన్) తన లెక్కకు కూడ ఆ ‘ఐ’నే వాడుకొన్నచో, పై లూపు అర్ధాంతరముగ ఆగవచ్చును, ఎన్నటికి ఆగకయు పోవచ్చును.

విచిత్రమేమన, ఈ చిక్కునకు విరుగుడు బేసిక్‌కంటె ముందే పుట్టినది. 1949 మే నెలలో కేంబ్రిడ్జిలో పని ప్రారంభించిన ఎడ్‌శాక్ యంత్రమునకు డేవిడ్ వీలర్ కల్పించిన పద్ధతిలో, పిలుచునట్టి ఆదేశము తానున్న చోటును వెంటబెట్టుకొని పోవును గనుక తిరుగుదారి తప్పదు. ఉపక్రమమునకు కావలసిన విలువలను పిలుపు వెన్వెంటనే వ్రాసియుంచవచ్చును. 1958 నాటి ఫోర్‌ట్రాన్ రెండవ రూపము విలువకు బదులు దాని చిరునామానే అందించెను. తత్ఫలితముగా, 2 అను స్థిరసంఖ్యను పంపినపుడు లోపలి ఉపక్రమము దానిని మార్చివేసిన యెడల, కొన్ని యంత్రములలో ఆపై ప్రోగ్రాములో 2 అని వ్రాసిన చోటనెల్ల వేఱొక సంఖ్య పలుకుచుండెడిది! 1960 జనవరిలో ప్యారిస్‌లో సమావేశమైన పదుమువ్వురు పండితులు ఆల్గాల్ భాషకు విలువచేత పిలుచుట, పేరుచేత పిలుచుట అను రెండు మార్గములు విధించిరి. ఈ రెండవది సూత్రమునే అందించి అవసరమైనపుడెల్ల తిరిగి గణింపజేయును. దానిలో చమత్కారమెక్కువ, ప్రయోజనము తక్కువ యని నా అభిప్రాయము. తరువాతి భాషలు చాలవఱకు దానిని విడిచినవి.

1972 ప్రాంతమున డెనిస్ రిచీ బెల్ లేబరేటరీలో రూపొందించిన సి భాష విలువయొక్క నకలును మాత్రమే ఇచ్చును. దీనికి పోలిక మన యెఱిగినదే: మన జిల్లాలలో 1984లో పట్వారీ వ్యవస్థ రద్దగు వఱకు భూమి లెక్కల దస్త్రమగు పహాణీ పట్వారీ బస్తాలోనే యుండెడిది, రైతు చేతికి వచ్చునది దాని నకలు; ఆ నకలుపై ఎకరమును రెండెకరములుగ దిద్దుకొన్నను దస్త్రములోని అంకె చెక్కుచెదరదు.

గోదావరి యొడ్డున బాసరలో 2008లో, అనగా ఆ యూరు ఆదిలాబాదు జిల్లాలో నుండగనే, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసి, పదవ తరగతి ముగించిన పల్లెబిడ్డలను నేరుగా చేర్చుకొనసాగెను. అక్కడనే కాదు, నాచుపల్లి, మంథని జె.ఎన్.టి.యు. కళాశాలలలోనైనను సి నేర్చు ప్రతివానికి తటస్థపడు అభ్యాసమొకటి కలదు. ఏ లో 5, బి లో 7 ఉంచి ‘స్వాప్’ అను ఫంక్షన్‌కు పంపవలెను. లోపల ముద్రించి చూచినచో 7, 5 అని చక్కగ తాఱుమాఱై కనబడును; మెయిన్‌కు మరలివచ్చి చూచినచో మునుపటి 5, 7 అట్లే యుండును. అప్పుడు గురువు ఏ, బి ల ముందు ‘&’ గుర్తునుంచి, చిరునామాలనే పంపుమని చెప్పును. నిజమునకు విద్యార్థి ఆ గుర్తును ‘స్కాన్‌ఎఫ్’లో తొలివారముననే, ఎందుకో తెలియకయే, వ్రాసియుండును: చదివిన అంకెను అసలు చోటనే ఉంచవలసియుండుటచే దానికి చిరునామా కావలెను, ‘ప్రింట్‌ఎఫ్’కు నకలు చాలును. చిరునామా సైతము నకలుగనే పోవునని గ్రహించినవానికి, చిరునామాను దాచునట్టి పాయింటరు భయము సగము తీరును.

కావున అధ్యాపకులకు నా మనవి యొక్కటే. స్వాప్‌తో పాఠమారంభింపకుడు. అందఱు నొకే ‘ఐ’ని పంచుకొని చెడిన పాత బేసిక్ ప్రోగ్రామొకటి ముందు చూపుడు, పిదప విలువను పంపి, ఫలితమును ‘రిటర్న్’తో తెచ్చుకొను చిన్న ఫంక్షన్లను పది వ్రాయింపుడు, చిరునామాలను ఆ తరువాతనే ముట్టుకొనుడు.