దంతం మీద లక్క గీత: విశాఖపట్నం పెట్టెల చరిత్ర

ఓడలూ ఉక్కూ విశాఖపట్నానికి పేరు తేకముందే, 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ ఊరికి నగిషీ పెట్టెల ఊరని పేరుండేది. తెల్లటి దంతపు పలకల మీద నల్లటి సన్నగీతలతో పూలు, లతలు, మేడలు చెక్కిన పెట్టెలు, బీరువాలు, కుర్చీలు ఇక్కడి కంసాలుల ఇళ్లలో తయారై లండన్ దాకా వెళ్లాయి. పాతకాలపు ఇంగ్లిష్ స్పెల్లింగులోని ‘వైజాగపటం’ అన్న మాటతోనే వేలం కేటలాగులు నేటికీ ఆ పనితనాన్ని గుర్తిస్తాయి.

ఈ పని ఇక్కడే వేళ్లూనడానికి రేవే కారణం. 17వ శతాబ్దంలో భీమునిపట్నంలో డచ్చివాళ్లు స్థిరపడ్డారు. 1682లో ఈస్టిండియా కంపెనీ విశాఖలో వర్తక స్థావరం పెట్టింది. అప్పటికి ఇక్కడ హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే సరుకు పడవల మీద చేరేది. కంపెనీ కొనేది ప్రధానంగా నూలుబట్టలు. అయితే దొరలకు ఇళ్లలోకి తమ దేశపు తీరులో కుర్చీలు, మేజాలు, రాతబల్లలు కూడా కావాలి. నమూనా వాళ్లిచ్చారు, చేయి ఇక్కడిది. టేకు, దంతం బంగాళాఖాతం అవతల పెగూ నుంచి ఓడల్లో దిగేవి. వడ్రంగం, బంగారుపని రెండూ కంసాలుల కులవృత్తులే కావడం కలిసొచ్చింది. పెట్టె కీలు కుదర్చడం, లోహం మీద సన్నగీత తీయడం ఒకే కులంలో తెలిసినవాళ్లు ఉన్నచోట దంతపు నగిషీ పుట్టడంలో వింత లేదు. 1756లో ఈ ఊరు చూసిన జాన్ కార్నెయిల్ అనే బ్రిటిష్ సైనికాధికారి తన రాతల్లో ఇక్కడి దంతపు పొదుగుపనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

పనివిధానం చూస్తే ఇది శిల్పం కన్నా అచ్చుపనికి దగ్గర. ముర్షిదాబాద్ పనివాళ్లు దంతాన్ని ఏనుగులుగా, పల్లకీలుగా, దేవతా విగ్రహాలుగా మలిచారు. విశాఖ పనివాడు మాత్రం దంతాన్ని కాగితంలా చూశాడు. ముందు దంతాన్ని పల్చటి రేకులుగా కోసి, కలపలో తవ్విన గాళ్లలో పొదిగేవారు, లేదా కలప పైనే పరిచి అతికించి, చిన్న దంతపు మేకులతో బిగించేవారు. ఆ తర్వాత మొనదేరిన పనిముట్టుతో బొమ్మ గీసేవారు. ఆకు నీడ కావాలంటే దగ్గరదగ్గరగా సన్నగీతలు, వెలుగు కావాలంటే ఖాళీ. గీతల్లోకి కరిగించిన నల్ల లక్క దించి, ఆరాక పైపైన అంటినదంతా గీకేస్తే గాట్లలో చిక్కినది మాత్రం మిగులుతుంది. చివరికి మెరుగు పెడతారు.

యూరప్‌లో రాగిపలక మీద బొమ్మలు చెక్కి అచ్చువేసేవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే. పలక మీద గీత కోయాలి, సిరా నింపాలి, పైభాగం తుడిచేయాలి. వాళ్లు ఆపైన తడికాగితం పరిచి ఒత్తుతారు. బొమ్మ కాగితానికి ఎక్కుతుంది, పలక కార్ఖానాలోనే ఉండిపోతుంది. విశాఖలో ఆ చివరి అంచె లేదు. ఇక్కడ పలకే బొమ్మ. అందుకే ఒక బొమ్మకు రెండో ప్రతి ఉండదు. మట్టిపనిలోనూ దీనికి తోబుట్టువు ఉంది. 12వ శతాబ్దపు కొరియాలో కుమ్మరులు పచ్చిపాత్ర మీద కొంగలు, మబ్బులు చెక్కి, ఆ గాట్లలో తెల్లమట్టి, నల్లబారే మట్టి నింపి, గీకి చదునుచేసి, లేతాకుపచ్చ గాజుపూత పూసి కాల్చేవారు.

నగిషీలోని బొమ్మలు కాలంతో మారాయి. తొలినాటి బీరువాలు, కుర్చీల మీద ఉన్నవి పూలతీగలు: మెలికలు తిరిగే కొమ్మలు, విచ్చుకున్న పెద్ద పూలు, వాటి మధ్య పక్షులు. ఇవి కోరమాండల్ తీరపు అద్దకం బట్టల్లోని అంచులే. ఒకే ఓడలో వెళ్లే బట్టకూ బల్లకూ ఒకే పువ్వు ఉండటం కొనేవాళ్లకూ నచ్చింది. 18వ శతాబ్దం రెండో సగానికి పొదుగుపని తగ్గి, కలప కనిపించకుండా పెట్టె మొత్తం దంతపు రేకులు తొడగడం మొదలైంది. పరుచుకోవడానికి చోటు దొరకడంతో బొమ్మలూ పెరిగాయి. స్తంభాల మేడలు, ఉద్యానాలు, వంతెనలు వచ్చాయి. వీటికి మూలం యూరప్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు. చెక్కినవాళ్లు ఆ మేడలను ఎన్నడూ చూడలేదు. ఆకాశంలోని మబ్బును కూడా ఆకుల నీడ తీసిన గీతలతోనే తీశారు. వాళ్ల పనిలో అన్నిటికంటే ముచ్చటైనవి ఇలాంటి చోట్లే.

ఈ సరుకు ఎంత దూరం వెళ్లిందో ఒక ఉదాహరణ చెబుతుంది. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ దగ్గర దంతం తొడిగిన సామాను ఉండేది. 1781లో ఆయన చనిపోయాక ఇంగ్లండులో ఆస్తి వేలానికి వచ్చింది. మూడో జార్జి రాజు అందులోని కుర్చీలు, సోఫాలు కొని రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి.

19వ శతాబ్దంలో పెద్ద సామాను పోయి చిన్న పెట్టెలు మిగిలాయి. టీ ఆకు డబ్బాలు, కుట్టుపని పెట్టెలు, పైకప్పు తెరిస్తే లోపల అరలుండే ఇంటి ఆకారపు పెట్టెలు, ఇవన్నీ ఓడ ప్రయాణపు పెట్టెలో ఇమిడే వస్తువులు. దంతం ఖరీదు కనుక గంధపుచెక్క మీద దున్నపోతు కొమ్ము, తాబేటిచిప్ప, మన్యం నుంచి వచ్చే ముళ్లపంది ముళ్లు చేరాయి. ముళ్లను వరసగా పరిచి, కొమ్ము చట్రంలో బిగించి, మధ్యమధ్య దంతపు చుక్కలు పొదిగేవారు. మరోపక్క దేవతల బొమ్మలను జాలీగా కోసి అతికించడం వచ్చింది. చూడగానే ఆకట్టుకుంటుంది కానీ, పాత లక్కగీతలోని నిదానం అందులో లేదు. డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చి 1907లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు నాటికి ఇవి ప్రధానంగా యాత్రికులు కొనే వస్తువులు. 1933లో హార్బరు తెరుచుకునేసరికి ఆ పెట్టెల కాలం గడిచిపోయింది.

మిగిలిన కాస్త పనినీ చట్టం ఆపింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ దేశీయ ఏనుగు దంతపు వ్యాపారాన్ని నిషేధించింది. 1991 సవరణ ఆఫ్రికా దంతాన్నీ అందులో చేర్చింది. ఏనుగుల సంగతి తలచుకుంటే ఆ నిషేధం న్యాయమే. లక్క మాత్రం ఈ ప్రాంతాన్ని విడిచిపోలేదు. వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ యంత్రంపై తిప్పుతూ రంగు లక్క పట్టిస్తున్నారు. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గాటు కోసి లక్క నింపే పని మాత్రం విశాఖలో ఎవరి చేతిలోనూ వృత్తిగా లేదు. దాన్ని చూడాలనుకునేవారు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటిచోట్లకు వెళ్లాల్సిందే.