నీళ్ళు తాగకు, నీళ్ళు తాగు

1904 ఆగస్టు 30, అమెరికాలోని సెయింట్ లూయిస్. ఒలింపిక్ మారథాన్. మండే ఎండ, దుమ్ము రోడ్డు. 32 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 14 మంది. దారి మొత్తం మీద నీళ్ళు ఒకట్రెండు చోట్లే. ఏర్పాట్లు మర్చిపోయి కాదు, నీళ్ళు లేకపోతే ఒళ్ళు ఏమవుతుందో చూద్దామని నిర్వాహకుడు జేమ్స్ సలివాన్ కావాలనే అలా పెట్టించాడు! థామస్ హిక్స్ నీళ్ళడిగితే పక్కనున్నవాళ్ళు నోరు మాత్రం తడిపారు. తర్వాత తెల్లసొన, స్ట్రిక్నిన్, బ్రాందీ పట్టించారు. స్ట్రిక్నిన్ అంటే విషమే. గెలిచింది ఆయనే.

చదివితే నవ్వొస్తుంది. కానీ 1996లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ గంటకి 600 నుంచి 1200 మిల్లీలీటర్ల దాకా తాగమంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 28 ఏళ్ళ అమ్మాయి రక్తంలో సోడియం పడిపోయి చనిపోయింది. అదే రేసులో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువ. వాళ్ళలో ఎక్కువగా కనిపించిన లక్షణం, పరిగెత్తాక బరువు పెరగడం.

ఉప్పు చెమటలో పోయింది కాబట్టి ఉప్పు మింగాలి అనుకుంటాం. లెక్క అది కాదు. ఇది భిన్నం: లవం తగ్గడం కన్నా హారం పెరగడమే అసలు గొడవ. స్పోర్ట్స్ డ్రింకూ కాపాడదు, అందులో సోడియం రక్తంలో ఉన్నదాంట్లో ఏడో వంతో ఎంతో.

2015లో నిపుణులు కూర్చుని, దాహమేస్తే తాగండి చాలు అన్నారు. మా గచ్చిబౌలి రన్నింగ్ గ్రూపులో మాత్రం ఇప్పటికీ దాహం వేసేలోపే తాగాలంటారు. మొన్న నవంబర్లో ఓ కొత్త కుర్రాడికి నేనూ అదే చెప్పి, సాల్ట్ టాబ్లెట్ల స్ట్రిప్ చేతిలో పెట్టాను.